రేచల్ బీర్: ఎడిటరా, ఓనరు గారి భార్యా?

పాతపేపర్

డ్రైఫస్ కేసు (ఫ్రాన్స్‌లో ఒక సైనికాధికారి మీద పెట్టిన గూఢచర్యం కేసు) గురించి చదువుతుంటే మధ్యలో ఒక పేరు తగిలింది. రేచల్ బీర్. కేసు పక్కన పడేసి రెండు రోజులుగా ఈవిడ వెంటే పడ్డాను.

పుట్టింది బొంబాయిలో, 1858లో. ససూన్ల ఇంటి ఆడపిల్ల. బొంబాయి వెళ్లినవాళ్లకి ససూన్ డాక్, డేవిడ్ ససూన్ లైబ్రరీ తెలిసే ఉంటాయి, ఆ డేవిడ్ ససూన్ మనవరాలు. పసిపిల్లగా ఉండగానే కుటుంబం లండన్ వెళ్లిపోయింది. 1887లో ఫ్రెడరిక్ బీర్‌ను పెళ్లి చేసుకుంది. ఆయన 'అబ్జర్వర్' పత్రిక యజమాని. 1891లో ఆవిడే ఆ పత్రికకు ఎడిటర్ అయింది. 1893లో 'సండే టైమ్స్' కూడా ఆ ఇంటికే వచ్చింది, దానికీ ఆవిడే ఎడిటర్. రెండూ ఆదివారం వచ్చేవే. ఒకే వారం, ఒకే రోజు, పోటీగా నడిచే రెండు పత్రికలకు ఎడిటర్ ఒక్కరే. ఇలాంటిది ఇంకెక్కడైనా జరిగిందా అసలు?

అప్పటికి బ్రిటన్‌లో ఆడవాళ్లకి పార్లమెంటు ఎన్నికల్లో ఓటు లేదు. ప్రభుత్వాన్ని ఎలా నడపాలో వారం వారం సంపాదకీయం రాయొచ్చు, ఓటు మాత్రం వేయకూడదు!

జర్నలిజం కోర్సు చేసినవాడినే నేనూ. ఈ పేరు ఒక్కసారి కూడా వినలేదు. మీలో ఎవరికైనా తెలుసా?

తర్కం

తెలుసు. తెలిసే పెద్దగా పట్టించుకోలేదు. మామగారు జూలియస్ బీర్ 1870లో అబ్జర్వర్ కొన్నాడు, 1880లో ఆయన పోయాక కొడుక్కి వచ్చింది, కొడుకు పెళ్లాం చేతిలో పెట్టాడు. ఇందులో 'కెరీర్' ఎక్కడుంది? అత్తారింటి ఆస్తిలో ఒక గది తాళాలు ఇచ్చారు, అంతేగా.

విలేకరిగా చేరి మెట్టు మెట్టుగా ఎదిగిన మనిషి కథ అయితే వినడానికి నాకూ సరదాయే.

నైట్‌డెస్క్

తర్కం గారూ, మీ మాటలో సగం నిజముంది. నేను ఇరవై రెండేళ్లు డెస్క్ మీద పనిచేసినవాణ్ణి. ఒకచోట (పేరు వద్దులెండి) చివరి పేజీ అడుగున ఎడిటర్ అని ఓనరు గారి పేరే పడేది. ఆయన ఆఫీసుకు పండగలకు వచ్చేవాడు. రాత్రి ఒంటిగంటకు పేజీ వదిలేది మా డెస్క్ ఇన్‌చార్జి. ఓసారి పరువు నష్టం నోటీసు వచ్చినప్పుడు మాత్రం సంతకం పెట్టమని ఆ ఇన్‌చార్జినే పిలిచారు. ఎడిటర్ అంటే ఎవరో ఆ రోజు అర్థమైంది నాకు.

కాబట్టి నా ప్రశ్న వేరు. కుర్చీ ఎలా వచ్చిందో అనవసరం. వార్త అనుమానంగా ఉండి, వేస్తే కోర్టు, వేయకపోతే పోటీవాడు వేసేస్తాడు అన్న రాత్రి ఒకటి ప్రతి ఎడిటర్ జీవితంలోనూ వస్తుంది. ఆ రాత్రి ఈవిడ ఏం చేసింది? అది చెప్పండి పాతపేపర్ గారూ, తర్వాత మాట్లాడుకుందాం.

పాతపేపర్

ఆ రాత్రి ఉంది. అందుకే ఈ చర్చ మొదలుపెట్టాను. కొంచెం పొడుగు అవుతుంది, ఓపిక పట్టండి.

1894లో ఫ్రెంచి సైన్యంలో కెప్టెన్ ఆల్ఫ్రెడ్ డ్రైఫస్‌ను జర్మన్లకు రహస్యాలు అమ్మాడని పట్టుకున్నారు. ఆధారం ఒకే ఒక్క చేతిరాత కాగితం. ఆయన యూదుడు. 1895 జనవరిలో నలుగురిలో నిలబెట్టి గుండీలు పీకేసి, కత్తి విరగ్గొట్టి డెవిల్స్ ఐలండ్ అనే జైలు దీవికి పంపేశారు. 1896లో పికార్ట్ అనే అధికారి ఆ చేతిరాత ఎస్తర్‌హేజీ అనే మేజర్‌దని కనిపెట్టాడు. పైవాళ్లు ఆయన్నే దూరం ఊళ్లకు బదిలీ చేశారు. 1898 జనవరి 11న సైనిక కోర్టు ఎస్తర్‌హేజీని నిర్దోషి అంది. రెండు రోజుల తర్వాత డ్రైఫస్ పక్షాన నవలా రచయిత ఎమీల్ జోలా బహిరంగ లేఖ అచ్చయింది. ఇదంతా మీకు తెలిసిందే.

ఆగస్టులో అసలు మలుపు. డ్రైఫస్‌ను ఇరికించడానికి దొంగ కాగితం పుట్టించింది తానేనని కల్నల్ ఆన్రీ ఒప్పుకున్నాడు. 30న అరెస్టు, మర్నాడు సెల్లో గొంతు కోసుకుని శవమై కనిపించాడు. ఎస్తర్‌హేజీకి కాళ్లు వణికాయి. మీసాలు గొరిగించుకుని, బెల్జియం మీదుగా లండన్‌లో తేలాడు.

లండన్‌లో అతన్ని పట్టుకున్నది అబ్జర్వర్ పారిస్ విలేకరి రోలాండ్ స్ట్రాంగ్. ఆ కాగితం రాసింది నేనే అని ఎస్తర్‌హేజీ చెప్పాడు. కాకపోతే నా పై అధికారి కల్నల్ సాండెర్ ఆజ్ఞ మీదే రాశాను అన్నాడు. సాండెర్ అప్పటికే 1897లో చనిపోయాడు. చచ్చినవాడి మీదకు నెట్టేస్తే అడిగేవాడెవడు?

ఇప్పుడు ఎడిటర్ పరిస్థితి చూడండి. ఒప్పుకోలు చేతిలో ఉంది. ఒప్పుకున్నవాడు పచ్చి అబద్ధాలకోరు, అప్పుల అప్పారావు. ఎప్పుడు మాట మారుస్తాడో తెలియదు. వేస్తే ఒక దేశం సైన్యాన్ని మొత్తంగా దొంగ అన్నట్టే. 1898 సెప్టెంబరు 18న, మళ్లీ 25న అబ్జర్వర్ వేసేసింది. వార్త వేసి ఊరుకోలేదు. ఫ్రెంచి సైన్యంలో యూదు ద్వేషం ఉందని, డ్రైఫస్‌ను మళ్లీ విచారించాలని సంపాదకీయం రాసింది.

1899లో రెన్ పట్టణంలో మళ్లీ విచారణ జరిగింది. మళ్లీ దోషే అన్నారు, సిగ్గులేకుండా. కాకపోతే పదేళ్ల శిక్ష. కొద్ది రోజులకే అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టాడు. పూర్తి నిర్దోషి అని తేల్చింది 1906 జులైలో.

కొత్తసభ్యురాలు

అందరికీ నమస్కారం, ఇక్కడ ఇదే నా మొదటి పోస్టు. ఆ చేతిరాత కాగితం జర్మన్లకు పంపింది కదా, మరి ఫ్రెంచివాళ్ల చేతికి ఎలా వచ్చింది? తెలివితక్కువ ప్రశ్న అయితే క్షమించండి.

చరిత్రపిచ్చి

మంచి ప్రశ్నేనండీ. చెత్తబుట్టలోంచి. పారిస్‌లోని జర్మన్ ఎంబసీలో ఊడ్చి తుడిచే ఆవిడ ఫ్రెంచి గూఢచారి విభాగం మనిషి. చింపి పారేసిన కాగితాలన్నీ పోగేసి వాళ్లకు ఇచ్చేది. వాళ్లు కూర్చుని అతికించుకునేవాళ్లు. దాన్ని 'బోర్డరో' అంటారు, జాబితా అని అర్థం. ఫలానా ఫలానా కాగితాలు పంపుతున్నాను అని సంతకం లేకుండా రాసిన చీటీ. ఒక దేశాన్ని పన్నెండేళ్లు రెండుగా చీల్చిన కేసుకు మూలం ఆ చీటీయే.

ఈ కథలో ఆవిడ పేరు కూడా ఎవరికీ గుర్తుండదు. మారీ బాస్టియన్.

తర్కం

పాతపేపర్ గారూ, బాగా రాశారు, కాదనను. కానీ మీరే చెప్పారు: ఎస్తర్‌హేజీని పట్టింది రోలాండ్ స్ట్రాంగ్ అని. అలాంటప్పుడు స్కూపు విలేకరిది. కష్టం ఒకరిది, పేరు ఒకరిదా? మన దగ్గర కంట్రిబ్యూటర్లు ఏడ్చేది దీనికే.

నైట్‌డెస్క్

విలేకరికి దక్కాల్సింది విలేకరికే. దానికి నా ఓటు కూడా వేసుకోండి.

కానీ తర్కం గారూ, స్ట్రాంగ్ కాగితాలు తెచ్చి బల్ల మీద పెట్టాడనుకోండి. మీరు ఎడిటర్. మా డెస్క్ భాషలో చెప్పాలంటే అది 'కాలే కాపీ'. ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. సోర్సు ఒకే ఒక్కడు. వాడు పారిపోయి వచ్చిన దొంగ. వాడి మాటలో సగం నిజం, సగం బొంకు, ఏ సగం ఏదో చెప్పడానికి మూడోవాడు లేడు. రేపు వాడే కోర్టుకెక్కి నేననలేదు అంటే? మామూలు ఎడిటర్ చేసే పని ఏమిటో నాకు తెలుసు: 'ఇంకొంచెం ధ్రువీకరించుకుందాం' అని సొరుగులో పెడతాడు. నేనే పెట్టాను బోలెడు. వారపత్రికకు సొరుగు అంటే ఏడు రోజులు. ఏడు రోజుల్లో లండన్‌లోని దినపత్రికలన్నీ ఎస్తర్‌హేజీ తలుపు తట్టేస్తాయి.

పైగా ఇంకో సంగతి. ఆవిడ పుట్టుకతో యూదు. పెళ్లికి ముందు క్రైస్తవం తీసుకుంది, దానికి పుట్టింటివాళ్లు వెలేసినంత పని చేశారు. అలాంటి మనిషి డ్రైఫస్ పక్షాన రాస్తే 'తన కులపోడికి వకాల్తా' అనడానికి ఎంతసేపు? రాయకపోతే ఎవరూ ఏమీ అనరు. క్రైస్తవం తీసుకుంది కదా, ఊరుకుందిలే అనుకుంటారు. ఊరుకోవడానికి అన్ని సౌకర్యాలూ ఉండి రాసింది.

పాతపేపర్ గారూ, నా ప్రశ్నకు జవాబు దొరికింది. నాకు సంబంధించినంతవరకు ఆవిడ ఎడిటరే.

చరిత్రపిచ్చి

చిన్న సవరణలు, పాతపేపర్ గారు ఏమీ అనుకోకపోతే.

పత్రిక నడిపిన మొదటి ఆడమనిషి రేచల్ బీర్ అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 1702 మార్చిలో లండన్‌లో 'డైలీ కూరంట్' మొదలుపెట్టింది ఎలిజబెత్ మాలెట్. బ్రిటన్‌లో అదే మొదటి దినపత్రిక. ఒక్క కాగితం. దాని మీద పేరు 'ఇ. మాలెట్' అని మాత్రమే ఉండేది. ఆడో మగో తెలియకుండా ఒక్క అక్షరం! కొద్ది వారాలకే చేతులు మారిపోయింది. దేశమంతా చదివే పెద్ద పత్రికలకు ఎడిటర్ అయిన మొదటి మహిళ అంటే మాత్రం రేచల్ బీరే.

సండే టైమ్స్‌కు కూడా ఆవిడే మొదటి ఆడ యజమాని కాదు. అంతకుముందు 1887లో దాన్ని కొన్నది ఆలిస్ కార్న్‌వెల్. ఆస్ట్రేలియా బంగారు గనుల్లో డబ్బు చేసిన మనిషి. ఆవిడ మాత్రం ఎడిటర్‌గా ఫిల్ రాబిన్సన్ అనే ఆయన్ని కూర్చోబెట్టింది. తర్వాత ఆయన్నే పెళ్లి చేసుకుంది, అది వేరే కథ.

అసలు పెళ్లయిన ఆడది తన పేరున ఆస్తి ఉంచుకోవచ్చని ఇంగ్లండ్‌లో చట్టం వచ్చిందే 1882లో. పార్లమెంటు ప్రెస్ గ్యాలరీలో ఒక మహిళా పత్రిక విలేకరికి చోటు ఇమ్మని 1890లో అడిగితే కుదరదన్నారు. ఆడవాళ్లు కావాలంటే వేరే గ్యాలరీలో ఇనుప జాలీ వెనక కూర్చుని చూడాలి. ఆ జాలీ పీకింది 1917లో. గ్యాలరీలో చోటు కుదరదన్న 1890కి మరుసటేడే ఈవిడ ఎడిటర్ అయింది. క్లబ్బుల్లోకి రానివ్వరు, గ్యాలరీలోకి రానివ్వరు. మరి రాజకీయ వార్త ఎక్కడ దొరుకుతుంది? లండన్‌లో డబ్బున్నవాళ్ల పేట మేఫెయిర్‌లో తన ఇంట్లోనే విందులిచ్చి, వచ్చినవాళ్లతో మాట్లాడి. దాన్ని 'సొసైటీ లేడీ' అని వెక్కిరించడం తేలిక. ఆవిడకున్న గ్యాలరీ అదొక్కటే.

మన దగ్గర ఆడవాళ్ల పత్రిక 'హిందూ సుందరి' 1902లో మొదలైంది. ఎందుకో పక్కపక్కన పెట్టి చూడాలనిపించింది.

మలుపు

అందరూ హారతి పడుతున్నారు కాబట్టి నేను కొంచెం నీళ్లు చల్లుతా.

ఆ మేఫెయిర్ మేడ, ఆ విందులు, నష్టాలొచ్చినా నడిపే ధీమా... ఇవన్నీ ఎక్కడివి? డేవిడ్ ససూన్ బాగ్దాద్ నుంచి బొంబాయి వచ్చి సంపాదించింది పత్తితో పాటు నల్లమందు మీద. ఇక్కడి రైతు పండించిన నల్లమందు చైనావాడి గొట్టంలోకి ఎక్కించి సంపాదించిన డబ్బు. డ్రైఫస్‌కు న్యాయం కావాలన్న మనిషి ఆ చైనావాళ్ల గురించి ఎన్ని సంపాదకీయాలు రాసింది?

పాతపేపర్

న్యాయమైన ప్రశ్న. ససూన్ల సంపదలో నల్లమందు పెద్ద భాగమే, దాచాల్సిన పని లేదు. ఆ మాటకొస్తే ఆ కాలపు బ్రిటిష్ ప్రభుత్వ ఖజానాలోనూ అదే ఉంది, అయినా అది సమాధానం కాదు, తెలుసు. ఆవిడకు మార్కులు వేయమని నేను అడగట్లేదు. ఈ కుర్చీలో ఈ మనిషి కూర్చుంది అని మాత్రమే చెప్తున్నా.

మలుపు

సరే. అంతవరకు ఒప్పుకుంటా. నల్లమందు సంగతి మాత్రం ఈ చర్చలో ఉండాలి, అంతే.

కొత్తసభ్యురాలు

ఆ తర్వాత ఆవిడ ఏమైంది? 1898 తర్వాత ఎవరూ చెప్పట్లేదు.

పాతపేపర్

చెప్పాలనిపించక ఆగాను.

ఫ్రెడరిక్ పెళ్లయిన కొన్నేళ్లకే మంచాన పడ్డాడు. ఆవిడ పత్రికలు చూసుకుంటూనే ఆయన్నీ చూసుకునేది. పెళ్లికి ముందు ఆసుపత్రిలో స్వచ్ఛందంగా నర్సు పని చేసిన మనిషి కాబట్టి ఆ సేవ కొత్త కాదు. 1901 చివర్లో ఆయన పోయాడు. ఆ దిగులు నుంచి ఆవిడ తేరుకోలేదు. రాయడం ఆగింది, మనుషుల్ని కలవడం ఆగింది. పుట్టింటివాళ్లు డాక్టర్లను రప్పించారు. 1903లో మతి స్థిమితం లేదని అధికారికంగా తేల్చారు. ఆస్తి ధర్మకర్తల చేతికి పోయింది, పత్రికలు అమ్మేశారు. అబ్జర్వర్‌ను 1905లో పత్రికల అధిపతి లార్డ్ నార్త్‌క్లిఫ్ కొన్నాడు.

ఆవిడ్ని కెంట్‌లోని టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో పెద్ద ఇంట్లో ఉంచారు. నర్సులు, నౌకర్లు, తోట అన్నీ ఉన్నాయి. 1927లో చనిపోయేదాకా అక్కడే. ఇరవై మూడు ఇరవై నాలుగేళ్లు. డ్రైఫస్ నిర్దోషి అని తేలిన 1906లో ఆవిడ ఆ ఇంట్లోనే ఉంది. 1918లో ముప్పై దాటిన ఆడవాళ్లకు ఓటు వచ్చినప్పుడూ ఆ ఇంట్లోనే ఉంది.

ఎస్తర్‌హేజీ మాత్రం దొంగపేరు పెట్టుకుని ఇంగ్లండ్‌లోనే హార్పెండెన్‌లో 1923 దాకా హాయిగా బతికాడు.

నైట్‌డెస్క్

భర్త పోయాక కుమిలిపోయిన మనిషిని పిచ్చిది అన్నారా, నిజంగానే జబ్బు చేసిందా అన్నది మనం ఇక్కడ కూర్చుని తేల్చలేం. కానీ ఒక మాట. మా ఆఫీసులో భార్య పోయిన ఒక సీనియర్ ఆరు నెలలు ఒక్క అక్షరం ముక్క రాయలేదు. అందరం ఆయన పేజీ పంచుకుని చేశాం. నెమ్మదిగా వచ్చాడు మళ్లీ. ఆయనకు కలిసొచ్చిందేమిటంటే పెద్దగా ఆస్తి లేదు.

తర్కం

మీ చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను నైట్‌డెస్క్ గారూ.

సరే, నా మొదటి పోస్టు కొంచెం తొందరపాటే. ఓనరు భార్య కాబట్టే కుర్చీ దొరికింది అన్న మాటకు ఇప్పటికీ కట్టుబడి ఉన్నా. కానీ ఆ కాలంలో ఇంకో దారి ఎక్కడుంది? 'మెట్టు మెట్టుగా ఎదగాలి' అన్నాను, మెట్లే లేని చోట. ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నా.

చరిత్రపిచ్చి

మెట్లు ఎప్పుడు వేశారో కూడా చూడండి. 1903లో 'డైలీ మిర్రర్'కు కొద్దికాలం ఎడిటర్‌గా ఉన్న మేరీ హోవార్త్‌ను పక్కన పెడితే, ఆవిడ తర్వాత బ్రిటన్ జాతీయ పత్రికల్లో ఎడిటర్ కుర్చీ ఇంకో ఆడమనిషికి దక్కింది 1987లో, 'న్యూస్ ఆఫ్ ద వరల్డ్'లో వెండీ హెన్రీకి. ఎనభై ఏళ్ల పైచిలుకు ఖాళీ. గార్డియన్‌కు కాథరిన్ వైనర్ 2015లో వచ్చారు, అది 1821లో పుట్టిన పత్రిక. సండే టైమ్స్‌కు రేచల్ తర్వాత మళ్లీ మహిళా ఎడిటర్ 2020లో, ఎమ్మా టకర్. ఆవిడే తర్వాత అమెరికా వెళ్లి వాల్ స్ట్రీట్ జర్నల్ ఎడిటర్ అయ్యారు. అబ్జర్వర్ అచ్చు పత్రికకైతే 2025 దాకా ఆగాలి. చేతులు మారాక లూసీ రాక్ వచ్చారు.

లండన్‌తెలుగు

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. నేను పోయిన ఏడాది హైగేట్ శ్మశానానికి వెళ్లాను, అందరిలాగే మార్క్స్ సమాధి కోసం. అక్కడ జూలియస్ బీర్ కట్టించిన సమాధి మందిరం ఉంది. ఎనిమిదేళ్ల కూతురు ఆడా చనిపోతే కట్టించాడు. చుట్టుపక్కల అన్నిటికంటే ఎత్తు, ఆ దారిలో వెళ్తే తప్పించుకోలేరు. గైడ్ చాలాసేపు చెప్పాడు. రేచల్ పేరు మాత్రం రాలేదు, నాకూ అప్పుడు తెలియదు కాబట్టి అడగలేదు.

ఇప్పుడు వెతికితే తెలిసింది, ఆవిడ అందులో లేదు. బ్రైటన్‌లో ససూన్ల సమాధి మందిరంలోనూ లేదు. అత్తింటివాళ్ల దగ్గరా కాదు, పుట్టింటివాళ్ల దగ్గరా కాదు. టన్‌బ్రిడ్జ్ వెల్స్ ఊరి శ్మశానంలో విడిగా పెట్టారు. రాతి మీద ఫలానా ససూన్ గారి కుమార్తె అని ఉందట. భర్త ఊసు, పత్రికల ఊసు లేదు.

కొత్తసభ్యురాలు

అంత డబ్బున్న కుటుంబం ఒక లైను ఎక్కువ చెక్కించలేకపోయిందా?

పాతపేపర్

ఆవిడ ఆస్తిలో వాటా మేనల్లుడు సీగ్‌ఫ్రిడ్ ససూన్‌కు కూడా వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం మీద కవిత్వం రాసిన ఆయనే. ఆయన తండ్రి ఆల్ఫ్రెడ్ యూదు కాని అమ్మాయిని చేసుకున్నాడని తల్లి వెలేసింది. రేచల్ కూడా అదే కారణానికి దూరమైన మనిషే. మేనత్త డబ్బుతో ఆయన హేట్స్‌బరీలో పెద్ద భవంతి కొనుక్కున్నాడు.

లండన్‌తెలుగు

ఈమధ్య ఆ సమాధి బాగుచేయించారని ఒకరు చెప్పారు. చెప్పుడు మాట ఎందుకు, వెళ్లి చూసొస్తా. చేరింగ్ క్రాస్ నుంచి రైల్లో గంట. వచ్చే వారం సెలవు దొరికేలా ఉంది, రాతి మీద ఏముందో అక్షరం పొల్లు పోకుండా ఇక్కడ రాస్తాను.

నైట్‌డెస్క్

ఆదివారం పెట్టుకోండి బాబూ. దారిలో రెండు పేపర్లూ కొనుక్కుని వెళ్లండి.